కందెన వెయ్యని బండి నుంచి ఆయిల్ మీటర్ దాకా: ఆ ముల్లు ఎందుకు ఊగుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ మా భోగాపురం నుంచే. వెనకాల ఆగకుండా వినిపిస్తున్న సౌండ్ లారీలది. ఇది ఎన్‌హెచ్ 16, కలకత్తా నుంచి చెన్నై వెళ్ళే రోడ్డు. 2010లో నంబర్ మార్చారు గానీ, మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎన్‌హెచ్ 5 అనే అంటారు.

ఈ రోజు టాపిక్ చాలా చిన్న వస్తువు. లారీ డాష్‌బోర్డ్ మీద ఉండే ఆయిల్ ప్రెజర్ మీటర్. అందులో ముల్లు ఒకచోట నిలబడకుండా పైకీ కిందకీ ఊగుతుంటే దానర్థం ఏంటి? బండి ఆపాలా? ఇంజన్ విప్పాలా? మీటర్ పాడైందిలే అని వదిలెయ్యాలా? ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్ర ఉంది. అది తెలియక మా ఇంట్లో ఒక బండి పోయింది. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. అదీ చెప్తాను, కానీ వరసగా వెళ్దాం.

2023 మే నెలలో ఇక్కడ ఎయిర్‌పోర్ట్‌కి శంకుస్థాపన జరిగి పనులు మొదలయ్యాక, చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందికి టిప్పర్ల మీద ఆశ పుట్టింది. మా చిన్నాన్న కూడా ఫైనాన్స్‌లో ఒక పాత టిప్పర్ కొన్నాడు. మట్టి, మెటల్ తోలేవాడు. కొన్న నాలుగు నెలలకి ఆయిల్ మీటర్ ముల్లు ఊగడం మొదలైంది. గతుకు వస్తే సున్నాకి పడిపోయేది, మళ్ళీ లేచేది. ఒక గ్యారేజీకి తీసుకెళ్తే "బేరింగులు పోయాయి, ఇంజన్ దింపాల్సిందే" అన్నారు. దింపారు. లక్షా ఎనభై వేలు అయింది, అందులో సగం వడ్డీకి తెచ్చిన డబ్బు. ఇంజన్ ఎక్కించి స్టార్ట్ చేశారు. మొదటి గతుక్కే ముల్లు మళ్ళీ ఊగింది!

ఆఖరికి విజయనగరం రోడ్డులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన బండి కింద దూరి, ఆయిల్ సెన్సార్ వైరు పట్టుకుని కదిపాడు. పైన ముల్లు గంతులేసింది. వైరు మీద తొడుగు అరిగిపోయి ఇంజన్ బాడీకి తగులుతోంది, అంతే. టేపు చుట్టి, కొత్త క్లిప్పు వేసి రెండొందలు తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు చిన్నాన్నతో ఒక మాటన్నాడు: "ముల్లు నిజం చెప్తందో లేదో ముందు సూసుకోవాల నాయినా. ముల్లు చెప్పిందని ఇంజన్ ఇప్పేస్తారేటి?"

ఆ మాట నన్ను పట్టుకుంది. అసలు ఈ ముల్లు ఏం చెప్తుంది? ఎవరు కనిపెట్టారు? అక్కడి నుంచే నా వెతుకులాట మొదలైంది.

మన దగ్గర మీటర్ రాకముందు ఏముండేది? చెవి ఉండేది. "కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం" అనే సామెత మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, చెప్తారు. ఎడ్లబండి ఇరుసుకి రాసేదాన్ని కందెన అంటారు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవారు. కందెన ఆరిపోతే ఇరుసు కీచుమని అరుస్తుంది. అంటే ఆ అరుపే అప్పటి వార్నింగ్ లైట్. ఈ ఆముదాన్ని తక్కువ అంచనా వెయ్యకండి. ఇంగ్లండ్‌లో 1909లో క్యాస్ట్రాల్ అనే ఇంజన్ ఆయిల్ వచ్చింది. ఆ పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే మాట నుంచే పుట్టింది, ఎందుకంటే అందులో ఆముదం కలిపేవారు.

ఎడ్లబండి నెమ్మదిగా నడుస్తుంది, అరిచినా టైముంటుంది. నిమిషానికి రెండు వేల సార్లు తిరిగే ఇంజన్‌కి ఆ టైముండదు. అరుపు వినిపించేసరికే పనైపోతుంది. అందుకే వినడం కంటే ముందు చూడటం కావాలి. ఆ చూపు వచ్చింది ఆవిరి యంత్రాల నుంచి.

1849, పారిస్. యూజీన్ బూర్డాన్ అనే యంత్రాల తయారీదారు. ఆ రోజుల్లో బాయిలర్లు పేలి మనుషులు చనిపోయేవారు. లోపల ఎంత ప్రెజర్ ఉందో సులువుగా చూపించే పరికరం కావాలి. బూర్డాన్ వర్క్‌షాపులో ఒక చుట్ట పైపు పొరపాటున నొక్కుకుపోయి బల్లపరుపుగా అయింది. దాన్ని మళ్ళీ గుండ్రంగా చెయ్యడానికి ఒక చివర మూసి, రెండో చివర నుంచి ప్రెజర్ పంపారు. పైపు ఉబ్బుతూ ఉంటే చుట్ట మెల్లగా విప్పుకోవడం మొదలైంది. బూర్డాన్‌కి వెంటనే అర్థమైంది: ఎంత ప్రెజర్ పంపితే అంత విప్పుకుంటోంది!

మన విజయనగరం సిరిమానోత్సవంలో పిల్లలకి కాగితం బూరలు అమ్ముతారు కదా, ఊదితే చుట్ట విప్పుకుని ముందుకొచ్చేవి. సుమారుగా అదే సూత్రం. పైపు చివర ఒక చిన్న పళ్ళచక్రం, దానికి ఒక ముల్లు. అదే బూర్డాన్ గేజ్. గ్యాస్ వెల్డింగ్ సిలిండర్ మీద, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ మీద మీరు ఇప్పటికీ చూసే గుండ్రటి మీటర్లలో ఎక్కువ భాగం లోపల ఉండేది ఆ పైపే.

సరే, ప్రెజర్ కొలవడం వచ్చింది. కానీ ఆయిల్‌కి ప్రెజర్ ఉంటుందని ఎవరికి తెలుసు? ఇక్కడే నాకు బాగా నచ్చిన కథ ఉంది.

1883, ఇంగ్లండ్. రైలు ఇరుసుల బేరింగుల్లో రాపిడి ఎంత ఉంటుందో తేల్చమని అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ బోషాంప్ టవర్ అనే ఇంజనీర్‌కి పని అప్పగించింది. ఆయన తిరిగే ఇరుసు మీద ఒక ఇత్తడి బేరింగ్ పెట్టి, కింద ఆయిల్ తొట్టి ఉంచాడు. పైనుంచి కూడా ఆయిల్ పొయ్యొచ్చని బేరింగ్ నెత్తి మీద ఒక కన్నం వేశాడు. యంత్రం స్టార్ట్ చేస్తే, ఆ కన్నంలోంచి ఆయిల్ లోపలికి వెళ్ళలేదు, బయటికి ఉబికి వచ్చింది. చిరాకు పుట్టి బెండు బిరడా కొట్టాడు. బిరడా బయటికొచ్చేసింది. చెక్క మేకు కొట్టాడు. అదీ మెల్లగా బయటికి తోసుకొచ్చింది.

ఇక్కడ టవర్ చేసిన పని చూడండి. ఇంకా గట్టి మేకు కొట్టలేదు. ఆ కన్నానికి ఒక ప్రెజర్ గేజ్ తగిలించాడు. బేరింగ్ మీద వేసిన బరువు లెక్క ప్రకారం సగటున చదరపు అంగుళానికి 100 పౌండ్లు. గేజ్ మాత్రం 200 పైన చూపించింది. అంటే ఇరుసు ఇత్తడికి తగలడమే లేదు, ఆయిల్ పొర మీద తేలుతోంది!

ఎలా తేలుతుందో 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్క కట్టి చూపించాడు. తిరిగే షాఫ్ట్ తనతో పాటు ఆయిల్‌ని ఇరుకు సందులోకి లాక్కెళ్తుంది. ఆయిల్ తప్పించుకోలేక షాఫ్ట్‌ని పైకి ఎత్తుతుంది. వర్షంలో రోడ్డు మీద నిలిచిన నీళ్ళ మీద కారు టైరు తేలి జారిపోతుంది కదా, అదే ఫిజిక్స్. అక్కడ అది ప్రమాదం, ఇంజన్ లోపల అది ప్రాణం.

ఇప్పుడు ఒక ముఖ్యమైన పాయింట్. డాష్‌బోర్డ్ మీద మనం చూసే ప్రెజర్, ఈ తేల్చే ప్రెజర్ ఒకటి కాదు. మీటర్ చూపించేది పంపు నుంచి బేరింగుల దాకా ఆయిల్ తోసుకెళ్ళే ప్రెజర్. బేరింగ్ గుమ్మం దగ్గరికి ఆయిల్ చేర్చడం పంపు పని. అక్కడి నుంచి బరువు మొయ్యడం ఆ పొర పని. గుమ్మం దాకా ఆయిల్ రాకపోతే పొర ఉండదు. పొర లేకపోతే ఇనుము ఇనుముని తింటుంది.

ఇలా పంపుతో బలవంతంగా ఆయిల్ పంపే పద్ధతిని 1890లో బర్మింగ్‌హామ్‌లోని బెల్లిస్ కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ పెయిన్ ఆవిరి యంత్రాల కోసం పేటెంట్ చేశాడు. అందరూ వెంటనే దాన్ని పట్టుకోలేదు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో ఆయిల్ పంపే లేదు, చిమ్మితే తడిసేదే. ప్రెజర్ మీటర్ కూడా లేదు. ఛాంబర్‌లో ఆయిల్ ఉందో లేదో చూడటానికి కింద రెండు చిన్న కుళాయిలు ఉండేవి.

డీజిల్‌కి అలా కుదరదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ని విజయవంతంగా నడిపించాడు. ఇందులో స్పార్క్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంత నొక్కుడు ఉంది కాబట్టి క్రాంక్ బేరింగుల మీద దెబ్బ కూడా గట్టిగా పడుతుంది. 1923, 24ల్లో జర్మనీలో బెంజ్, ఎంఏఎన్ కంపెనీలు డీజిల్ లారీలు తెచ్చాయి. మన దేశంలో 1954లో టాటా వాళ్ళ టెల్కో, డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ మోటార్స్ కాస్తా అశోక్ లేలాండ్ అయింది. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఇప్పటి హెచ్‌పీసీఎల్ అదే. అంటే మూడు నాలుగేళ్ళ తేడాలో ఈ రోడ్డుకి లారీ ఇటు, డీజిల్ అటు దగ్గరయ్యాయి.

ఆ పాత బండ్లలో మెకానికల్ మీటర్లు ఉండేవి. ఇంజన్ నుంచి సన్నటి గొట్టం డాష్‌బోర్డ్ దాకా వచ్చేది, అందులో నిజంగా ఆయిలే ఉండేది. ముల్లు కదిలితే ఆయిల్ కదిలినట్టే. తర్వాత ఎలక్ట్రిక్ మీటర్లు వచ్చాయి. ఇంజన్ దగ్గర ఒక సెన్సార్, అక్కడి నుంచి వైరు. ఇప్పుడు ముల్లు చూసేది ఆయిల్‌ని కాదు, కరెంటుని. మధ్యలో వైరు, క్లిప్పు, ఎర్త్, బ్యాటరీ అన్నీ చేరాయి. వీటిలో ఏది తేడా చేసినా ముల్లు ఊగుతుంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. 1980ల చివర్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన ట్రక్కుల్లో సెన్సార్ తీసేసి ఒక స్విచ్ పెట్టింది. ప్రెజర్ ఒక కనీస స్థాయి దాటితే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది. చూడటానికి మీటర్, లోపల మాత్రం ఉందా లేదా అని చెప్పే బల్బు లాంటిదే. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఇలాంటి డాష్‌బోర్డులు చాలా చూశాను. అన్నీ పచ్చగా ఉంటాయి, సర్వర్ మాత్రం కాలిపోతుంటుంది.

సరే, ఇప్పుడు పనికొచ్చే విషయానికి వద్దాం. మీ నాన్నగారి లారీలోనో మావయ్య ట్రాక్టర్‌లోనో ముల్లు ఊగుతోంది. ఏ వరసలో చూడాలి?

అన్నిటికంటే ముందు ఒక రూల్. ఇంజన్ నడుస్తుండగా ముల్లు సున్నాకి పడి అక్కడే ఉండిపోయినా, ఎర్ర లైటు వెలిగి ఆరకపోయినా, బండి పక్కకి తీసి వెంటనే ఇంజన్ ఆపెయ్యండి. "తగరపువలస దాకా పోనిద్దాం" అనుకోకండి. మీటర్ అబద్ధమైతే అరగంట పోతుంది. నిజమైతే ఇంజన్ పోతుంది.

తర్వాత డిప్‌స్టిక్. బండి సమంగా ఉన్న నేల మీద ఆపి, కాసేపు ఆగి తీసి చూడండి. ఆయిల్ తక్కువ ఉంటే మలుపుల్లో, ఎత్తుల్లో పంపు గాలి పీలుస్తుంది, అప్పుడు ముల్లు పడి లేస్తుంది. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్ళు చేరాయని అనుమానించాలి. వాసన కూడా చూడండి. డీజిల్ వాసన వస్తోందా? వేళ్ళ మధ్య రుద్దితే మరీ పల్చగా జారుతోందా? దీని గురించి మళ్ళీ చెప్తాను.

మూడోది, ముల్లు ఎప్పుడు ఊగుతోందో గమనించడం. గతుకుల్లోనే ఊగితే, హెడ్‌లైట్ వేసినప్పుడో ఇండికేటర్ కొట్టినప్పుడో కదిలితే, ముందు వైరునీ ఎర్త్‌నీ అనుమానించండి. ఆయిల్‌కి హెడ్‌లైట్‌తో ఏం పని? ఉదయం చల్లగా ఉన్నప్పుడు బాగుండి, ఇంజన్ వేడెక్కాక స్లోలో బాగా పడిపోయి, రేస్ ఇస్తే లేస్తుంటే అది వేరే కథ. వేడికి ఆయిల్ పల్చబడుతుంది కాబట్టి కొంత తగ్గడం మామూలే. మరీ తగ్గితే బేరింగ్ సందులు పెరిగాయేమో, పంపు అరిగిందేమో, ఆయిల్ గ్రేడ్ తప్పేమో చూడాలి. రేస్ ఇచ్చినా లేవకుండా ఎక్కడో ఇరుక్కుపోతుంటే రిలీఫ్ వాల్వులో చెత్త చేరి ఉండొచ్చు, లేదా ఛాంబర్ అడుగున పంపు జల్లెడ మడ్డితో మూసుకుపోయి ఉండొచ్చు.

నాలుగోది, అసలు పరీక్ష. బోషాంప్ టవర్ చేసిందే. సెన్సార్ విప్పి, అదే కన్నంలో ఒక మంచి మెకానికల్ గేజ్ బిగించి ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి, స్లోలో, రేస్‌లో రీడింగ్ రాసుకోండి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ అని మెకానిక్కులు ఒక మోటు లెక్క చెప్తారు, కానీ మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెదే ఫైనల్ మాట. ఈ గేజ్‌లో ముల్లు నిలకడగా ఉంటే తప్పు సెన్సార్ వైపు ఉన్నట్టు. ఇందులోనూ ఊగితే తప్పు ఇంజన్ వైపు ఉన్నట్టు. అప్పుడు పాత ఫిల్టర్ కోసి లోపల మెరిసే లోహపు పొడి ఉందేమో చూడండి. ఉంటే బేరింగ్ అరుగుతోంది. ఇంజన్ విప్పే మాట అక్కడ వస్తుంది, అంతకుముందు కాదు.

ఇప్పుడు నా వాటా తప్పు గురించి.

వైరు బాగుచేశాక ఆరేడు నెలలు టిప్పర్ బాగానే నడిచింది. ఒకరోజు సాయంత్రం చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఒరే, ముల్లు మళ్ళీ కిందకి దిగుతందిరా, స్లోలో అయితే ఊగతంది" అన్నాడు. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. "ఆయిల్ చూసావా చిన్నాన్నా?" అని అడిగాను. "చూసాను, ఫుల్లుగా ఉంది. గీత కన్నా పైకే ఉంది" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే మళ్ళీ ఆ వైరే అయ్యుంటుంది, ఆదివారం వస్తాను, చూద్దాంలే" అన్నాను.

గీత కన్నా పైకి ఎందుకు ఉంది? ఎవరూ ఆయిల్ పొయ్యకుండా ఆయిల్ పెరగదు కదా. డీజిల్ పంపు సీలు పోయి, ఛాంబర్‌లోకి డీజిల్ కారుతోంది. ఆయిల్ పల్చబడిపోతోంది, లెవెల్ మాత్రం పెరుగుతోంది. వాసన చూసి ఉంటే పది సెకన్లలో తెలిసేది. ఆదివారం దాకా రాలేదు. శుక్రవారం లోడుతో హైవే మీద ఇంజన్ పట్టేసింది. క్రాంక్ కూడా పనికిరాలేదు. ఫైనాన్స్ వాయిదాలు కట్టలేక బండి ఇచ్చేశాడు. ఇప్పుడు వేరే వాళ్ళ లారీకి డ్రైవర్‌గా వెళ్తున్నాడు. ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

మొదటిసారి ముల్లు అబద్ధం చెప్తే నమ్మాం. రెండోసారి నిజం చెప్తే, మొదటిసారి అబద్ధం చెప్పింది కదా అని నమ్మలేదు. రెండుసార్లూ మేం చెయ్యని పని ఒక్కటే, పక్కన ఇంకో గేజ్ పెట్టి అడగకపోవడం. టవర్ కన్నానికి మేకు కొట్టి ఊరుకుని ఉంటే ఆయిల్ పొర సంగతి అప్పటికి బయటపడేది కాదు. నేను ఫోన్‌లో కొట్టింది ఆ మేకే.

మొన్న పండక్కి చిన్నాన్న వచ్చినప్పుడు ఆయన నడిపే లారీ క్యాబిన్ ఎక్కి చూశాను. సీటు కింద గుడ్డలో చుట్టిన ఒక మెకానికల్ గేజ్ ఉంది. "ఓనర్ కొనిచ్చాడా?" అంటే, "నేనే కొనుక్కున్నాను" అన్నాడు.

మీ ఇంట్లో లారీ, ట్రాక్టర్, టిప్పర్ నడిపేవాళ్ళు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. ముఖ్యంగా రెండు ముక్కలు చెప్పండి: సున్నాకి పడితే ఆపు, లెవెల్ పెరిగితే వాసన చూడు. మీ వైపు మేస్త్రీలు ముల్లు ఊగితే ముందు ఏం చూస్తారో కామెంట్స్‌లో రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.